ఫోటో వెనక స్టాంపు

మొన్న వేసవిలో ఒక ఆదివారం పొద్దున ఫోన్ తెరిస్తే ఒక మెయిల్ ఉంది. వికీమీడియా కామన్స్‌లో నేను ఎక్కించిన ఒక ఫోటోని తొలగించాలని ఎవరో ప్రతిపాదించారు. కారణం ఒకే ఒక్క ముక్క. ఇది పాత ఫోటోని మళ్లీ ఫోటో తీసినట్టుంది, ఎక్కించినవాళ్ల స్వంత కృతి అనిపించడం లేదు. కింద వాడుకరి పేరు, తేదీ. అంతే.

కాఫీ చల్లారిపోయింది. తప్పు పట్టుకున్నారని కాదు నా కోపం. ఆ ఫోటోలో ఉన్నదెవరు, అది ఎక్కడిది, పోతే ఏం పోతుంది, ఇవేవీ అడక్కుండా చెత్త ఊడ్చినట్టు ఊడ్చేస్తారా అని.

ఫోటోలో ఉన్నాయన మా అమ్మమ్మ వాళ్ల ఊరి నటుడు. తెనాలి దగ్గర పల్లె. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి సత్యహరిశ్చంద్రలో చంద్రమతి వేషం వేసేవారు. ఆడవేషాలు వేసిన మగవాళ్లు అనగానే మనకి గుర్తొచ్చేది స్థానం నరసింహారావు గారు. ఆయనకి 1956లోనే పద్మశ్రీ వచ్చింది. ఆయన గురించి రాసినవాళ్లున్నారు, ఆయన్ని చూడాలంటే ఫోటోలున్నాయి. పల్లెల్లో తెల్లవార్లూ ఆడిన నాటకాల్లో చంద్రమతులుగా, చింతామణులుగా నిలబడ్డ మిగతావాళ్లకి అలాంటివేం లేవు. చూసినవాళ్లు ఇంకా బతికుంటే వాళ్ల జ్ఞాపకం, అదృష్టముంటే ఇంట్లో గోడకి ఒక ఫ్రేము. మా ఊరాయన కాటిసీనులో పద్యం ఎత్తుకుంటే ముందు వరసలో ఆడవాళ్లు పైటచెంగులతో కళ్లొత్తుకునేవారని అమ్మమ్మ చెప్పేది. నేను చూడలేదు. నేను పుట్టేసరికే ఆయన లేరు.

ఆయన పేరు గానీ, ఇంట్లోవాళ్ల పేర్లు గానీ ఇక్కడ రాయను. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

తెవికీలో ఆయన మీద పేజీ మొదలుపెట్టింది నేనే. ఒక నాటక పరిషత్తు సావనీరు, జిల్లా ఎడిషన్‌లో వచ్చిన రెండు వార్తలు, వీటి ఆధారంగా పది వాక్యాలు కూడబెట్టాను. ఒక సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు వాళ్లమ్మాయి ఇంటికి వెళ్లాను. వరసకి పెద్దమ్మ అంటాను, చుట్టరికం ఏమీ లేదు. నడవాలో తలుపు పైన ఫ్రేము. చంద్రమతి వేషంలో ఆయన, పక్కన గుడ్డ మీద గీసిన స్తంభాలు, మెట్లు. కుర్చీ ఎక్కి ఫోన్‌తో ఫోటో తీశాను. ఫ్రేము కత్తిరించేశాను, ట్యూబులైటు మెరుపు కనపడకుండా కాస్త సర్దాను. కామన్స్‌లో ఎక్కిస్తుంటే అడిగింది: ఇది మీ స్వంత కృతేనా? అవును అని నొక్కేశాను. తీసింది నేనే కదా! నా ఫోను, నా చెయ్యి, నేనెక్కిన కుర్చీ.

అలా ఆ ఫోటో కింద ‘కర్త’ అన్నచోట నా పేరు పడింది. నాలుగేళ్లు అలాగే ఉంది. అప్పట్లో నాకదేం ఎబ్బెట్టుగా అనిపించలేదు.

*

కామన్స్ గురించి తెలియనివాళ్లకి రెండు మాటలు. వికీపీడియా వ్యాసాల్లో మీరు చూసే బొమ్మల్లో ఎక్కువ భాగం ఉండేది అక్కడే. 2004లో మొదలైంది. 2023లో పది కోట్ల ఫైళ్లు దాటింది. తెలుగులో, తమిళంలో, స్వాహిలీలో ఎవరు వ్యాసం రాసుకున్నా అందులోంచి బొమ్మ తీసి పెట్టుకోవచ్చు. దీన్ని చూసుకునేవాళ్లు జీతగాళ్లు కాదు, మనలాంటి వాళ్లే. ఇక్కడ ఉండాలంటే ఒకటే షరతు, కానీ గట్టి షరతు. ఆ బొమ్మని ఎవరైనా, ఎక్కడైనా, దేనికైనా వాడుకునే స్వేచ్ఛ ఉండాలి. ‘వ్యాపారానికి తప్ప’ అంటే కుదరదు. ‘మార్చకుండా వాడుకోండి’ అన్నా కుదరదు. బొమ్మ పుట్టిన దేశంలోనూ, సర్వర్లున్న అమెరికాలోనూ, రెండు చోట్లా స్వేచ్ఛ ఉండాలి. గట్టి అనుమానం ఉంటే ఉంచరు, తీసేస్తారు. ఉంచాలన్నవాళ్లే రుజువు చూపించాలి.

ఆ ఆదివారం ఆ నియమం పేజీని మొదటిసారి పూర్తిగా చదివాను. అందులో ‘ఇలాంటి వాదనలు చెల్లవు’ అని ఒక చిన్న జాబితా ఉంది. హక్కుదారు కోర్టుకెక్కడులే, హక్కుదారుకి ఎప్పటికీ తెలియదులే, తెలిసినా ఏమనుకోడులే, పైగా సంతోషిస్తాడు, అసలు హక్కు ఎవరిదో ఎవరికీ తెలియదు కాబట్టి పర్లేదు. చదువుతుంటే నవ్వొచ్చింది. అప్పటికే జవాబుగా నేను టైపు చేసి పెట్టుకున్న పేరాలో ఇవన్నీ వరసగా ఉన్నాయి. పంపకుండా చెరిపేశాను. చర్చ సాధారణంగా వారం రోజులు నడుస్తుంది. ‘వివరాలు కనుక్కుంటాను, కొంచెం గడువివ్వండి’ అని మాత్రం రాశాను. ప్రతిపాదించినాయనే ‘తప్పకుండా’ అని జవాబిచ్చాడు. చెత్త ఊడ్చేవాడు అనుకున్న మనిషి.

ఆ వారమంతా చట్టాలు చదువుతూ కూర్చున్నాను. చదివేకొద్దీ తల తిరిగింది. గోపీచంద్ గారినే తీసుకోండి. 1962లో పోయారు. మన చట్టంలో రచయిత పోయాక 60 ఏళ్లు హక్కు ఉంటుంది. (మొదట 50 ఏళ్లే. ఠాగూర్ పోయి 50 ఏళ్లు నిండిన వేళ, ఆయన రచనల మీద హక్కులు తీరిపోతున్నాయని 60కి పెంచారు.) ఆ లెక్కన 2023 జనవరి 1న గోపీచంద్ పుస్తకాలు మనందరివీ అయ్యాయి. మీరు అచ్చేసుకోవచ్చు, అమ్ముకోవచ్చు. అమెరికా లెక్క వేరు. 1996 జనవరి 1 నాటికి సొంత దేశంలో హక్కు బతికున్న విదేశీ రచనలకి అక్కడ మొదటి ప్రచురణ నుంచి 95 ఏళ్లు కాపుదల. అంటే 1940లలో వచ్చిన ‘అసమర్థుని జీవయాత్ర’కి అక్కడ స్వేచ్ఛ వచ్చేది 2040లలో. తెనాలిలో స్వేచ్ఛగా ఉన్న నవల కామన్స్‌కి మాత్రం ఇంకా రాకూడదు.

ఇది మనకొక్కరికే జరిగిందనుకుంటే పొరపాటు. అన్నే ఫ్రాంక్ డైరీని హక్కు తీరిందని 2016 జనవరిలో డచ్ వికీసోర్స్‌లో పెట్టారు. ఫిబ్రవరిలో వికీమీడియా ఫౌండేషనే తీసేసింది. అమెరికాలో దానికి 2042 దాకా హక్కుంది. అలా తీసేయాల్సి వచ్చినందుకు విచారిస్తున్నామని కూడా వాళ్లే చెప్పుకున్నారు.

నా పాత ఫైళ్లలో టాంక్‌బండ్ విగ్రహాల ఫోటోలున్నాయి. వాటికి భయం లేదు. బహిరంగ స్థలంలో శాశ్వతంగా నిలబెట్టిన శిల్పాన్ని ఫోటో తీసుకోవచ్చని మన కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ చెప్తుంది. మక్తా వీధుల్లో గోడల మీద వేసిన పెద్దపెద్ద బొమ్మలు కూడా తీసి ఎక్కించాను. వాటికి భయం ఉంది. ఆ మినహాయింపు శిల్పాలకే, గోడ మీది చిత్రానికి లేదు. రెండూ రోడ్డు మీదివే, రెండూ నేను తీసినవే. అయినా ఒకటి ఉంటుంది, ఇంకోటి పోతుంది. అమెరికాలో శిల్పానికి కూడా ఆ మినహాయింపు లేదు. అక్కడున్న మా అన్నయ్య పార్కులో కొత్త శిల్పం ముందు నిలబడి ఫోటో పంపితే, ఇది కామన్స్‌కి పనికిరాదురా అన్నాను. ‘నేను పెళ్లిసంబంధాల కోసం పంపాను’ అన్నాడు.

ఫోటోల గురించి చదువుతుంటే ఒక ఆశ దొరికింది. 1957 నాటి మన చట్టం 1958 జనవరిలో అమల్లోకి వచ్చింది. అంతకు ముందు తీసిన ఫోటోలకి నెగటివ్ తయారైన నాటి నుంచి 50 ఏళ్లే హక్కు. చంద్రమతి ఫోటో 1958కి ముందుదైతే ఇండియా వరకూ గట్టెక్కినట్టే. ఆ తర్వాత అమెరికా సంగతి చూసుకోవచ్చు. ఏడు తెలియాలి. ఎవరు తీశారో తెలియాలి. శుక్రవారం రాత్రి రైలెక్కాను.

*

‘ఆ ఫోటో కోసం ఇంత దూరం వచ్చావా?’ అంది పెద్దమ్మ. ‘ఫోన్ చేస్తే నేనే చెప్పేదాన్నిగా. జై ఆంధ్రా గొడవలకి ముందు ఏడు. నాకప్పుడు పదేళ్లు.’

అంటే 1971. నా ఆశ గుమ్మంలోనే పోయింది.

‘ఎవరు తీశారో తెలుసా?’

‘తెనాల్లో స్టూడియోలో తీశారు. మా నాన్నతో నేనూ వెళ్లా. చీర సర్దుకోడానికి గంట పట్టింది ఆయనకి.’

ఫ్రేము దింపాం. వెనకాల అట్టకి కొట్టిన మేకులు తుప్పు పట్టి ఉన్నాయి. కత్తిపీట దగ్గరున్న చాకుతో ఒక్కొక్కటీ పైకి లేపింది పెద్దమ్మ. అట్ట తీస్తే ఒక పాత పేపరు ముక్క, దాని కింద ఫోటో. తిప్పి చూస్తే ఊదారంగు సిరాతో గుండ్రటి రబ్బరు స్టాంపు. స్టూడియో పేరు, ఫోటోగ్రాఫర్ పేరు, తెనాలి. పక్కన పెన్సిల్‌తో ఏదో నంబరు.

యాభై ఏళ్లకు పైగా ఆ పేరు గోడ వైపు తిరిగి ఉంది. ఆ నాలుగేళ్లూ దాని చోట నా పేరు ఉంది. ఫోన్‌తో స్టాంపుని కూడా ఫోటో తీశాను కానీ, చెయ్యి కాస్త వణికిన మాట నిజం. మనం వికీలో పొద్దస్తమానం మూలం ఏది, మూలం ఏది అని కొత్తవాళ్లని సతాయిస్తాం. ఈ మనిషి తన మూలాన్ని తనే రాసి పెట్టుకున్నాడు. నేను ఫ్రేము తిప్పి చూడలేదు, అంతే.

స్టూడియో ఇప్పుడు లేదు. ఆ గదిలోనే ఆయన కొడుకు ఫ్లెక్సీల షాపు నడుపుతున్నారు. అరవై దాటాయి. పుట్టినరోజులు, రజస్వల ఫంక్షన్లు, పార్టీ నాయకులకి స్వాగతాలు. లోపల మెషిను మీద ఎవరిదో నవ్వుమొహం గజం గజం బయటికొస్తోంది. స్టాంపు ఫోటో చూపించగానే కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు.

‘మా నాన్నగారిదే అమ్మా. ఈ స్టాంపు నా చేత్తో ఎన్నివేలు కొట్టానో.’

‘నెగటివ్ ఏమైనా ఉందా బాబాయ్ గారూ?’

‘ఎక్కడమ్మా! నాన్నగారు 98లో పోయారు. తర్వాత డబ్బాలకి డబ్బాలు చెమ్మకి అంటుకుపోతుంటే, వెండి తీసేవాళ్లొచ్చి కిలోల లెక్కన పట్టుకుపోయారు. ఎక్స్‌రేలతో పాటు మావీ.’

తెనాలి చుట్టుపక్కల ముప్పై నలభై ఏళ్ల పెళ్లిళ్లు, నాటకాలు, బడి గ్రూపు ఫోటోలు. కిలోల లెక్కన. దాని మీద ఎవరూ వారం రోజులు చర్చ పెట్టలేదు. ఉంచాలా తీసేయాలా అని ఎవర్నీ అడగలేదు. ఒక్క మెయిల్‌కి కాఫీ చల్లార్చుకున్న నేను అక్కడ మాట్లాడలేకపోయాను. ఆయన్నేం అనగలం? అద్దె కట్టుకోవాలి, చోటు కావాలి.

సంగతి చెప్పాను. మీరు అనుమతిస్తూ ఒక మెయిల్ పంపితే కామన్స్ వాళ్లు ఫోటో ఉంచుతారని, కింద మీ నాన్నగారి పేరు వేస్తారని. పేరనగానే ఆయన మొహం వెలిగింది. ‘పేరేస్తారా? ఇంటర్నెట్‌లో?’ కానీ మిగతాది కూడా చెప్పాలి కదా. ‘అంటే ఆ ఫోటోని ఎవరైనా వాడుకోవచ్చండీ. క్యాలెండర్లేసి అమ్ముకోవచ్చు కూడా. మార్చుకోవచ్చు. ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోడానికి లేదు.’

‘అమ్ముకున్నా మనకేం రాదా?’

‘రాదండి. పేరు మాత్రం వెయ్యాలి.’

కాసేపు మెషిను చప్పుడు. ‘మేం రోజూ గూగుల్లో దించిన బొమ్మలే ఫ్లెక్సీలకి వాడతామమ్మా. అవెవరివో అని ఒక్కనాడూ అనుకోలేదు’ అన్నారు. తర్వాత ఆయనే ఇంకో మాట అన్నారు. నాకు అసలు తట్టని మాట. ‘అయినా ఈ ఫోటో మాదెలా అవుద్దమ్మా? డబ్బులు పుచ్చుకుని తీసిందేగా. డబ్బులిచ్చినోళ్లది.’

ఆయన ఏ చట్టమూ చదవలేదు. కానీ మన కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ సరిగ్గా అదే చెప్తుంది. వేరే ఒప్పందం లేకపోతే, డబ్బిచ్చి తీయించుకున్న ఫోటో మీద మొదటి హక్కు తీయించుకున్నవాళ్లది. తీసినవాడిది కాదు. మరి 1971లో ఎవరిచ్చారు డబ్బు? మళ్లీ పల్లెకొచ్చి పెద్దమ్మనడిగితే వెంటనే చెప్పింది. ‘కంట్రాక్టరు ఇచ్చాడు. కరపత్రాల్లో వేయడానికి. మా నాన్న దగ్గర ఫోటోలకి డబ్బులెక్కడివి?’

నాటకాల కంట్రాక్టరు. ఊళ్లు ఒప్పుకుని, నటుల్ని కూడగట్టి, రేట్లు మాట్లాడేవాడు. ఎప్పుడో పోయాడట. పిల్లలు ఒంగోలు వెళ్లారో, బళ్లారి వెళ్లారో తెలియదు. ఇక లెక్క చూడండి. నిలబడింది ఒకరు, తీసింది ఒకరు, డబ్బిచ్చింది ఒకరు. ‘నాది’ అని నొక్కింది నేను. ఆ నలుగురిలో ఏ హక్కూ లేనిది నాకొక్కదానికే.

*

అక్కడితో అయిపోయేది. సాయంత్రం అన్నం పెడుతూ పెద్దమ్మ అడిగింది. ‘ఎవరైనా మార్చుకోవచ్చు అన్నావే, అంటే ఏంటి?’

చెప్పాను. రంగులేసుకోవచ్చు, కత్తిరించుకోవచ్చు, పుస్తకం అట్ట మీద వేసుకోవచ్చు.

‘ఫోన్లలో తిరుగుతాయే, మొహాల కింద రాతలు రాసి నవ్వుకునేవి. అలా కూడా చేసుకోవచ్చా?’

నాకు జవాబు రాలేదు. చేసుకోవచ్చు. కాపీరైటు లైసెన్సు దాన్ని ఆపదు.

‘మా నాన్న ఆడవేషం వేస్తాడని బళ్లో నన్ను ఏడిపించేవాళ్లు. నా పెళ్లప్పుడు మావగారి తరఫువాళ్లు ఆ ఫోటో తీసేయమన్నారు. తియ్యనన్నాడు మా నాన్న. తలుపు పైకి మార్చాడు, అంతే. నువ్వు నెట్లో పెడతానంటే, పెద్దవాళ్ల సరసన పెడతావనుకున్నా.’

నాలుగేళ్ల కిందట కుర్చీ ఎక్కినప్పుడు ‘పెద్దమ్మా, ఇంటర్నెట్‌లో పెట్టనా?’ అని అడిగాను. ‘పెట్టుకోవే’ అంది. అనుమతి తీసుకున్నాననే అనుకున్నాను. ఆవిడ ఒప్పుకున్నది ఒకటి, నేను నొక్కిన బటన్ ఒప్పుకున్నది ఇంకోటి. స్వేచ్ఛ అన్న మాట నాకు అప్పటిదాకా మంచి మాటే. ఆ పూట, ఆ నడవాలో, మేకులు పీకిన ఫ్రేము పక్కన, ఎవరి స్వేచ్ఛ కోసం ఎవరిది ఇచ్చేశానో చూసుకున్నాను.

నా ఫోటోకి అట్ట తగిలించినాయనకి పెద్దమ్మ సంగతి తెలియదు. ఆయన పట్టించుకున్నది కాపీరైటు ఒక్కటే. అయినా ఆ అడ్డం తగలబట్టే ఇవన్నీ అడగాల్సి వచ్చింది. లేకపోతే చంద్రమతి అలాగే, నా పేరుతో, ప్రపంచంలో ఎవరికైనా దొరికేలా ఉండిపోయేది.

రాత్రి రైల్లో చర్చ పేజీలో రాశాను. ఫోటో తీసింది నేను కాదు. ఫోటోగ్రాఫర్ 1998లో పోయారు. హక్కు బహుశా ఇంకొకరిది, వాళ్ల వారసులు దొరకలేదు. తొలగించండి.

*

ఇంత చెప్పినా నా కోపం పూర్తిగా పోలేదని కూడా చెప్పాలి. 2008 డిసెంబరులో జర్మనీ జాతీయ ఆర్కైవ్స్ 80 వేలకు పైగా ఫోటోలని కామన్స్‌కి ఇచ్చింది. వాళ్ల దగ్గర ప్రతిదానికీ నంబరుంది, తేదీ ఉంది, చాలావాటికి తీసినవాళ్ల పేరుంది. రుజువు అడిగితే చూపించగలరు. మన పల్లెల ఫోటోలకి ఉన్న రుజువు అట్ట వెనక చెమ్మకి అలుక్కుపోతున్న ఒక స్టాంపు. రిజిస్టరు లేదు, రసీదు లేదు, నెగటివ్ వెండిగా కరిగిపోయింది. నియమం అందరికీ ఒకటే. కానీ కాగితం దాచుకునే చోటున్నవాళ్ల గతం అందులోంచి తేలిగ్గా దాటుతుంది, మనది తట్టుకుంటుంది. అనుమానముంటే తీసేయాలంటే, ఎక్కువ తీసేయాల్సి వచ్చేది అనుమానం తీర్చుకునే దారి లేనివాళ్లవే.

దీనికి నియమం సడలించడం మందు అని ఇప్పుడు అనలేను. సడలిస్తే మొదట పోయేది తెనాలి ఫోటోగ్రాఫర్ పేరే, నాలాంటివాళ్ల చేతుల్లో. మందు ఏదైనా ఉంటే అది వెనకటి పనిలో ఉంది. అడగాల్సినవాళ్లు బతికుండగానే అడగడం. పేరు, ఏడు, ఎవరు తీయించారు, ఎవరికివ్వడానికి ఇష్టం, ఎంతవరకు ఇష్టం. జాతీయ ఆర్కైవ్ చేసే పని ఇది. మన దగ్గర ఎవరో ఒకరు సెలవుకి ఊరెళ్లినప్పుడు చెయ్యాలి.

ఫైలు పోయింది. తొలగించిన నిర్వాహకుడు చర్చ పేజీ కింద ఒక వర్గం చేర్చాడు: 2067లో పునరుద్ధరించాలి. ఫోటోగ్రాఫర్ పోయాక 60 ఏళ్లు కలిపితే ఇండియాలో 2059. కరపత్రంలో 1971లో అచ్చైందనుకుంటే అమెరికా లెక్కలో 2067. కామన్స్‌లో తొలగించడమంటే చింపేయడం కాదు, మన కంటికి కనపడకుండా చేయడం. నిర్వాహకులకి కనిపిస్తుంది, కావాలంటే మళ్లీ తెరుస్తారు. నలభై ఏళ్ల తర్వాత ఎవరో ఒక అపరిచితుడు వచ్చి చంద్రమతిని బయటికి తీయాలని ఇప్పుడే రాసి పెట్టాడు ఇంకో అపరిచితుడు. అప్పటికి నేనుంటే డెబ్భై దాటి ఉంటాను.

ఆ వారం నా పాత ఫైళ్లన్నీ ముందేసుకున్నాను. రెండొందల చిల్లర. వాటిలో పదకొండింటికి నేనే తొలగింపు ప్రతిపాదన పెట్టాను. మక్తా గోడలు నాలుగు, పుస్తకాల అట్టలు మూడు, ఎవరివో ఇళ్లల్లో గోడకున్న ఫోటోలు నాలుగు. కారణం అన్నచోట ‘స్వంత కృతి కాదు’ అని రాస్తుంటే చెయ్యి చాలాసార్లు ఆగింది. గోడకున్న నాలుగు ఫోటోల ఇళ్లకీ ఫోన్లు చేస్తున్నాను. ఇద్దరు ఎత్తారు.

తెవికీకి విడిగా ఒక దారుంది. చనిపోయిన మనిషికి స్వేచ్ఛా ఫోటో దొరికే అవకాశం లేనప్పుడు, ఆ ఒక్క పేజీలో చూపించడానికి మాత్రం, చిన్న సైజులో, సముచిత వినియోగం కింద స్థానికంగా పెట్టుకోవచ్చు. కామన్స్‌లోలా ‘ఎవరైనా తీసుకోండి’ అని ఇచ్చేయడం కాదు. అది పెద్దమ్మకి వివరంగా చెప్పాను. ఎవరైనా దాన్ని కూడా దొంగిలించగలరని, నేను ఆపలేనని కూడా చెప్పాను. ఆలోచించుకుని చెప్తానంది. రెండు నెలలు పేజీలో ఫోటో లేదు. నేనూ మళ్లీ అడగలేదు.

వినాయకచవితి మర్నాడు ఆవిడే ఫోన్ చేసింది.

‘ఆ తెలుగు పేజీలో చిన్నది పెట్టవే. కింద తీసినాయన పేరు కూడా వెయ్యి. మా నాటకం ఆడినప్పుడల్లా సైకిలేసుకుని వచ్చేవాడు ఆయన. కెమెరా తెచ్చేవాడు కాదు. ఊరికే చూడ్డానికి వచ్చేవాడు.’